వెళ్ళేటప్పుడు స్వదేశం, వచ్చేటప్పుడు విదేశం

భారతీయ రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

గవర్నరు గారికి,



విదేశీ మారక నిర్వహణ చట్టం కింద 2000లో వచ్చిన కరెంటు ఖాతా లావాదేవీల నియమాల్లో ఒక చిన్న నిషేధం ఉంది. నేపాల్‌కో భూటాన్‌కో వెళ్ళే ప్రయాణానికి విదేశీ మారకం ఇవ్వకూడదు. సింగపూర్ వెళ్ళేవారికి బ్యాంకు డాలర్లు అమ్మవచ్చు, దుబాయ్ వెళ్ళేవారికి దిర్హాములు అమ్మవచ్చు. భూటాన్ వెళ్ళేవారికి మాత్రం ఏమీ అమ్మకూడదు. కారణం తేలికే. అక్కడ మన రూపాయి చెల్లుతుంది. చెల్లే డబ్బు జేబులో ఉండగా ఇంకో దేశపు డబ్బు ఎందుకని ఆ నియమం ఉద్దేశం. చక్కని నియమం. నాకు దాని మీద ఫిర్యాదు లేదు.

ఫిర్యాదంతా తిరుగు ప్రయాణం మీద. అయిదారు రోజులు ఆ కొండల్లో తిరిగి జేబులో భూటాన్ నోట్లతో ఇల్లు చేరిన మనిషికి, వాటిని మార్చి ఇచ్చే కౌంటరు విజయవాడలో లేదు, హైదరాబాదులోనూ దొరకదు. బ్యాంకుకు వెళితే విదేశీ నోటు అంటారు. విదేశీ నోట్లు మార్చే దుకాణానికి వెళితే ఆ దేశానిది మా బోర్డు మీద లేదంటారు. వెళ్ళేటప్పుడు విదేశం కాని దేశం వచ్చేటప్పుడు విదేశమైపోతుంది. ఈ లేఖ ఆ ఒక్క విషయం గురించే.

నేను బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా కాలనీలో ఎవరు ఎక్కడికి బయలుదేరినా డబ్బు సంగతి నన్నే అడుగుతారు. కాశీ, కేదారం అయితే చెప్పడానికేం లేదు. ఈమధ్య భూటాన్ ఎక్కువైంది. పిల్లలు అమెరికాలో స్థిరపడ్డవాళ్ళు, వీసా గొడవ లేకుండా ఒక పరాయి దేశం చూడాలనుకునేవాళ్ళు, మంచుకొండలు చూడాలి కానీ స్విట్జర్లాండు ఖర్చు మనవల్ల కాదనుకునేవాళ్ళు, అందరూ అటే చూస్తున్నారు. హైదరాబాదు నుంచి బాగ్‌డోగ్రాకు విమానం, అక్కడినుంచి జైగావ్ దాకా కారు, గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. లేదా కోల్‌కతా నుంచి నేరుగా పారో విమానం. ఆ కొండ దేశంలో అంతర్జాతీయ విమానాశ్రయం అదొక్కటే. కొండల మధ్య ఇరుకు లోయలోకి పగటి వెలుతురులో మాత్రమే దిగాలి.

వాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న, డాలర్లు ఎన్ని తీసుకెళ్ళాలి అని. అంటే ఆ నియమం వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా అది మా కాలనీ దాకా రాలేదన్నమాట. కొందరు ఏజెంట్లు కూడా కొంచెం డాలర్లు ఉంచుకోండి సార్, సేఫ్టీకి అంటారు. రూపాయి ఇచ్చి డాలరు కొనేటప్పుడు అమ్మేవాడి రేటు ఒకటి, డాలరు ఇచ్చి భూటాన్ నోటు తీసుకునేటప్పుడు కొనేవాడి రేటు ఇంకొకటి. రెండు చోట్లా నష్టపోయి చివరికి చేతికొచ్చేది ఏమిటి? సరిగ్గా రూపాయి విలువ ఉన్న నోటు. భూటాన్ డబ్బయిన ఎంగుల్ట్రం 1974లో పుట్టిన రోజునుంచి రూపాయితో సమానంగానే ఉంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. రూపాయి పడితే అదీ పడుతుంది, లేస్తే అదీ లేస్తుంది. దాన్ని చేరడానికి అమెరికా మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం ఎవరి సేఫ్టీకో నాకర్థం కాదు.

రెండో ప్రశ్న, నగదు ఎంత తీసుకెళ్ళవచ్చని. దీనికీ మీ దగ్గర స్పష్టమైన జవాబుంది. వంద, అంతకంటే చిన్న నోట్లకు పరిమితి లేదు. వంద దాటినవి మనిషికి మొత్తం 25,000 రూపాయల వరకే. అంటే అయిదు వందల నోట్లు యాభై. ఈ సంగతి నేను చెప్పినప్పుడల్లా ఎదుటివాళ్ళు నన్ను అనుమానంగా చూస్తారు. రాతపూర్వకంగా చూపించమంటే ఇంగ్లీషులో ఉన్న నోటిఫికేషన్ తీసి చూపించాలి. అందులో ఒక సవరణ ఇంకో సవరణను పట్టుకుని వేలాడుతుంటుంది. బ్యాంకులో ముప్పై ఏళ్ళు ఆ భాష చదివిన నాకే ఒక్కోసారి మొదటికి వెళ్ళి మళ్ళీ చదవాల్సి వస్తుంది.

ఇక వంద నోట్లకు పరిమితి లేదు కదా అని కట్టలు కట్టుకుని వెళ్ళమనడం సులభం. పెళ్ళిళ్ళ సీజనులో బ్యాంకుకు వెళ్ళి కొత్త వంద కట్ట అడిగి చూడండి, ఎంత సులభమో తెలుస్తుంది. కట్టకు వంద నోట్లు, విలువ పదివేలు. దొరికినా అవి నాలుగైతే హ్యాండ్‌బ్యాగు నిండుతుంది.

ఒక కుటుంబం లెక్క చెబుతాను. భార్యాభర్తలు, పెద్దవాళ్ళిద్దరు, తొమ్మిదేళ్ళ పాప. భూటాన్ ప్రభుత్వం మనవాళ్ళ దగ్గర తలకు రాత్రికి 1,200 రూపాయల అభివృద్ధి రుసుము తీసుకుంటుంది. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు సగం. అంటే ఈ కుటుంబానికి రాత్రికి 5,400, అయిదు రాత్రులకు 27,000. ఇది హోటలుకో భోజనానికో కాదు, ఆ దేశంలో రాత్రి గడిపినందుకు. 2020కి ముందు మనకు ఇది లేదు. ఆ ఏడాది చట్టం చేశారు, కోవిడ్‌లో సరిహద్దులు మూశారు, 2022 సెప్టెంబరు 23న తలుపులు తీసినప్పటి నుంచి నడుస్తోంది. మిగతా చాలా దేశాలవాళ్ళకు రాత్రికి 100 డాలర్లు. 2022లో 200కు పెంచి, జనం రాక తగ్గడంతో 2023లో సగానికి దించారు. ఆ లెక్కన మనల్ని ఇంకా చుట్టాలుగానే చూస్తున్నారు.

ఈ రుసుము నాకు అన్యాయంగా తోచదు. ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశం. నేలలో కనీసం 60 శాతం అడవి ఉండి తీరాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మనం వారాంతానికి వెళ్ళి మనాలిని, ముస్సోరీని ఏం చేశామో వాళ్ళు పక్కనుంచి చూశారు. తలుపు దగ్గర రుసుము పెట్టకపోతే తమకూ అదే గతి పడుతుందనుకోవడంలో తప్పేముంది. ఈ రుసుము ముందే ఆన్‌లైన్లో కట్టవచ్చు కాబట్టి నగదు సమస్య దీంతో రాదు. నగదు కావలసింది మిగతావాటికి. కోటల ప్రవేశ రుసుములు, టీలు, మోమోలు, కొండ ఎక్కడానికి ఊతకర్ర అద్దె, గుర్రం అద్దె, గైడుకు చివర్లో చేతిలో పెట్టేది.

మీ పరిధిలోది కాకపోయినా ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను, చదివేవాళ్ళకు పనికొస్తుంది. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ చెల్లదు. ఇక్కడ సిమ్ కార్డు నుంచి శ్మశానం దాకా ఆధార్ అడిగే దేశంలో బతికినవాళ్ళకు ఈ సంగతి గేటు దగ్గర తెలిస్తే నమ్మబుద్ధి కాదు. కొందరు అక్కడినుంచే వెనక్కి రావలసి వస్తుంది.

గేటు దాటాక ఏమవుతుందో చూడండి. అవతల టీ కొట్టులో అయిదు వందల నోటు ఇస్తే తీసుకుంటారు. చిల్లర ఇచ్చేది మాత్రం ఎంగుల్ట్రంలో. ప్రతి కొట్టులోనూ ఇదే. మనం రూపాయలు ఇస్తూ పోతాం, అవి లోపలికి వెళ్ళిపోతాయి, మన చేతికి వాళ్ళ నోట్లు వస్తూ పోతాయి. మూడో రోజుకి పర్సు నిండా అవే. అడిగితే రూపాయల్లో చిల్లర ఇచ్చేవాళ్ళు అరుదు. ఎందుకివ్వరో కింద చెబుతాను. ముందు ఆ నోట్ల గురించి ఒక మాట.

మారకం చేసేవాడి కంటితో ప్రపంచపు నోట్లెన్నో చూశాను. భూటాన్ నోట్లంత ఉపయోగకరమైనవి యాత్రికుడికి ఇంకెక్కడా లేవు. వాటిని వరుసగా పేర్చుకుంటే దాదాపు ప్రయాణ పటం తయారవుతుంది. అయిదు నోటు వెనక తక్‌త్సాంగ్ మఠం. పది వెనక పారోలోని రిన్‌పుంగ్ కోట. ఇరవై, అయిదు వందల నోట్ల మీద పునాఖా కోట. యాభై మీద ట్రోంగ్సా. వంద, వెయ్యి నోట్ల మీద థింపూలోని తాషీచో కోట. ఒకటి నోటు మీద సిమ్‌తోఖా. వాళ్ళు జోంగ్ అనే ఈ కోటల్లో సగం మఠం, సగం ప్రభుత్వ కార్యాలయం. ఒకే గోడల మధ్య భిక్షువులూ ఉంటారు, గుమాస్తాలూ ఉంటారు. తాషీచోలో రాజు గారి కార్యాలయం కూడా ఉంది కాబట్టి పనిరోజుల్లో సాయంత్రం ఆఫీసు మూసేదాకా మనల్ని లోపలికి రానివ్వరు. టూరు వేసేటప్పుడు ఇది చూసుకోకపోతే గేటు ముందు ఫొటో దిగి రావడమే అవుతుంది.

తక్‌త్సాంగ్ గురించి తెలియనివాళ్ళుండరు. భూటాన్ అనగానే వాట్సాప్‌లో తిరిగే బొమ్మ అదే, కొండ చరియకు అతుక్కున్నట్టున్న తెల్ల గోడలు. గురు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరివచ్చి ఆ గుహలో ధ్యానం చేశాడని నమ్మకం. గుహ చుట్టూ ఆలయాలు కట్టింది 1692లో. 1998 ఏప్రిల్‌లో అగ్ని ప్రమాదంలో ప్రధాన భాగం కాలిపోయింది. 2005 నాటికి మళ్ళీ కట్టారు. సముద్ర మట్టానికి 3,120 మీటర్లు, పారో లోయ కన్నా సుమారు 900 మీటర్లు ఎత్తు. ఎక్కడానికి రెండు మూడు గంటలు పడుతుంది. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు సగం దాకా గుర్రాలుంటాయి. ఆ తర్వాత మెట్లు, కొంత దూరం దిగి మళ్ళీ ఎక్కడం, తప్పించుకోలేరు. దిగడానికి గుర్రం ఎక్కించుకోరు. ద్వారం దగ్గర ఫోనూ సంచీ అప్పగించి లోపలికి వెళ్ళాలి. పర్సు మాత్రం వెంట తీసుకెళ్ళనిస్తారు. లోపల ప్రతి విగ్రహం ముందూ చిన్న నోట్ల కుప్ప ఉంటుంది. స్థానికులు కొందరు పెద్ద నోటు పెట్టి ఆ కుప్పలోంచే చిల్లర తీసుకుని పక్క విగ్రహానికి వేస్తారు. పర్యవేక్షణ లేదు, రసీదు లేదు. క్యాషియరుగా బతికినవాడికి అది చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

పునాఖాకు రెండు నోట్లు ఎందుకిచ్చారో అక్కడికి వెళితే తెలుస్తుంది. ఫో, మో అనే రెండు నదులు కలిసేచోట, నీళ్ళకు ఆనుకుని 1637లో మొదలుపెట్టి కట్టిన కోట. ముక్కలుగా ఉన్న లోయలన్నిటినీ ఒక దేశంగా కూర్చిన షబ్‌ద్రుంగ్ నవాంగ్ నామ్‌గ్యాల్ కట్టించాడు. మొదటి రాజు ఉగ్యెన్ వాంగ్‌చుక్‌కు 1907 డిసెంబరు 17న పట్టాభిషేకం జరిగింది ఇక్కడే, ఇప్పటి రాజు గారి పెళ్ళి 2011లో జరిగింది ఇక్కడే. 1994లో పైన మంచు సరస్సు ఒకటి గండిపడి వచ్చిన వరద కోటను దెబ్బ తీసింది. థింపూ కంటే ఇది కిలోమీటరు దాకా పల్లం కాబట్టి చలి తక్కువ, చుట్టూ వరి మడులు. మన గోదావరి వాళ్ళు అక్కడ కారాపి దిగితే గట్ల మీద నిలబడి నీళ్ళెలా పెడుతున్నారో చూస్తూ ఉండిపోతారు, గైడు కోట కోట అని పిలుస్తున్నా. భోజనంలో మిరపకాయనే కూరగాయగా వండి, వెన్నజున్నుతో కలిపి పెట్టే ఎమా దత్సీ ఉంటుంది. కారం తగ్గించమని చెప్పాలా అని హోటలువాళ్ళు అందరినీ అడుగుతారు. గుంటూరు వాళ్ళ బల్ల దగ్గర మాత్రం ఆ ప్రశ్న వృథా.

థింపూ నుంచి పునాఖా పోయే దారిలో సుమారు 3,100 మీటర్ల ఎత్తున దోచులా కనుమ వస్తుంది. అక్కడి 108 స్తూపాల దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు. 2003 డిసెంబరులో, తమ దక్షిణ అడవుల్లో శిబిరాలు పెట్టుకుని అస్సాంలో పోరాడుతున్న మన దేశపు తిరుగుబాటుదారులను భూటాన్ సైన్యం వెళ్ళగొట్టింది. ఆ పోరులో చనిపోయినవాళ్ళ స్మృతికి వాటిని కట్టారు. ఈ సంగతి ఎంతమంది గైడ్లు చెబుతారో గాని, మన యాత్రికుడు తెలుసుకుని నిలబడవలసిన చోటు. ఆకాశం శుభ్రంగా ఉన్న శీతకాలపు ఉదయం అక్కడినుంచి గాంగ్‌ఖర్ పున్‌సుమ్ కనిపిస్తుంది. 7,570 మీటర్లు, ఇంతవరకూ మనిషి ఎక్కని శిఖరాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయినది. 2003 నుంచి ఆ దేశంలో పర్వతారోహణే నిషేధించారు కాబట్టి దాని మీద ఎవరి జెండా ఎగరదు.

యాభై నోటు మీది ట్రోంగ్సా దాకా మన ప్యాకేజీలు పోవు. రాజవంశం వచ్చింది అక్కడినుంచే. అయినా దూరం, దారి కొండ మలుపులు, అయిదు రాత్రుల లెక్కలో ఇమడదు. అందుకే తెలుగు యాత్రికుడి పర్సులో ట్రోంగ్సా ఎప్పుడూ నోటుగానే మిగులుతుంది.

మిగలడం దగ్గరికే వద్దాం. చివరి రోజున మా కాలనీ వాళ్ళు ఏం చేస్తారో చెప్పనా. పారోలో అక్కర్లేని చెక్క ముసుగులు కొంటారు. జైగావ్‌లో దిగేవాళ్ళు అక్కడి దుకాణాల్లో ఎంగుల్ట్రం తీసుకుంటారు గనక బిస్కెట్లతో సహా కొనేస్తారు, లేదా వీధిలో కమీషన్ పట్టుకుని మార్చేవాడికి ఇస్తారు. రూపాయితో సమానమైన నోటుకు వీధిలో కమీషన్! విమానంలో వచ్చేవాళ్ళకు ఆ దారి కూడా లేదు. మా వీధిలో ఒక పెద్దావిడ రెండేళ్ళు బీరువాలో దాచి, చివరికి తిరుమల హుండీలో వేశారు. ఏడుకొండలవాడి దగ్గర ఏ దేశపు నోటయినా చెల్లుతుంది కదా నాయనా అన్నారు. ఆ నోట్లు తెచ్చుకోవడం మీ నిబంధనల ప్రకారం తప్పు కూడా కాదు. తెచ్చుకోనిస్తారు, మార్చుకోవడానికి చోటు మాత్రం చూపించరు.

దీనికి భూటాన్‌ను తప్పు పట్టను. అక్కడి దుకాణదారు రూపాయి ఎందుకు వదలడో తెలియాలంటే 2012 గుర్తు చేసుకోవాలి. ఆ దేశం తినే బియ్యం, నూనె, కట్టే సిమెంటు, నడిపే కార్లు చాలావరకు మననుంచే వెళతాయి. వాటికి రూపాయలు కావాలి. రూపాయలు వాళ్ళు అచ్చు వేసుకోలేరు. మనకు కరెంటు అమ్మి, మన సాయం తీసుకుని, మన యాత్రికుల ద్వారా సంపాదించుకోవాలి. 2000 తర్వాత ఇళ్ళ అప్పులు, కారు అప్పులు పెరిగి రూపాయల ఖర్చు రాబడిని మించిపోయింది. మన బ్యాంకుల దగ్గర ఓవర్‌డ్రాఫ్టు తీసుకున్నారు. దాన్ని తీర్చడానికి 2011 డిసెంబరులో తమ నిల్వల్లోంచి 20 కోట్ల డాలర్లు అమ్ముకున్నారు. అదీ చాలక 2012లో ఇళ్ళకూ కార్లకూ అప్పులు ఆపారు, కార్ల దిగుమతి ఆపారు, ప్రజలకు రూపాయలివ్వడం బిగించారు. చేతిలో ఎంగుల్ట్రాలుండీ జైగావ్‌లో ఉల్లిపాయలు కొనుక్కోలేని రోజులవి. మరుసటి ఏడాది మార్చిలో మీ బ్యాంకే 10 కోట్ల డాలర్ల విలువైన కరెన్సీ స్వాప్ ఒప్పందంతో ఆదుకుంది. 2022లో నిల్వలు తగ్గినప్పుడు మళ్ళీ కార్ల దిగుమతి ఆపుకోవలసి వచ్చింది.

ఫుంట్‌షోలింగ్ నుంచి థింపూ వెళ్ళే దారిలో చుఖా విద్యుత్ కేంద్రం ఉంటుంది. మన డబ్బుతో కట్టినది, 1980లలో మొదలైంది. అక్కడి కరెంటు కిందికి వస్తుంది, రూపాయలు పైకి వెళతాయి. ఆ దారిలోనే మన యాత్రికుల కార్లు రూపాయలు మోసుకుంటూ పైకి వెళతాయి. ఈ రెంటిలో ఏది ఆగినా ఆ దేశానికి ఊపిరాడదు. అందుకే రేపటినుంచి ఎంగుల్ట్రంను భారతదేశమంతటా చెలామణీ చేయించండి అని నేను అడగడం లేదు. అలా చేస్తే ఆ నోట్లన్నీ చివరికి వాళ్ళ కేంద్ర బ్యాంకు గుమ్మం ముందు వాలి రూపాయలివ్వమంటాయి. చిన్న దేశం పీక మీదికి వస్తుంది.

నేనడిగేది చాలా చిన్నది. రుసుము కట్టిన రసీదూ ప్రవేశ అనుమతీ చూపించినవారికి, తిరిగొచ్చిన నెల రోజుల్లోపు, మనిషికి మూడు నాలుగు వేల ఎంగుల్ట్రాల దాకా ఏ కోతా లేకుండా రూపాయలుగా మార్చే కౌంటరు. హైదరాబాదు, కోల్‌కతా, బాగ్‌డోగ్రా విమానాశ్రయాల్లో ఒక్కొక్కటి, జైగావ్‌లో ఒకటి పెట్టినా చాలు. అలా పోగైన నోట్లను రెండు కేంద్ర బ్యాంకులూ ఏడాదికోసారి సర్దుబాటు చేసుకోవచ్చు. మీరు చేసుకునే స్వాపుల పక్కన అది లెక్కలోకి వచ్చే మొత్తం కాదు. 2025 అక్టోబరులో భూటాన్, నేపాల్, శ్రీలంకల్లోని వారికి వ్యాపారం కోసం రూపాయల్లో అప్పులివ్వడానికి మన బ్యాంకులకు అనుమతించారు. రూపాయిని పొరుగు దేశాల్లో నడిపించాలన్న మీ ఆలోచన అందులో కనిపించింది. ఆ ఆలోచన కోట్లలో వ్యాపారం చేసేవాడి దగ్గరే ఆగిపోకుండా ఊతకర్ర అద్దెకు తీసుకునేవాడి దాకా దిగాలి.

ఇప్పుడు నోట్లెవరు వాడుతున్నారండీ, ఫోను చూపిస్తే చాలదా అని మీ అధికారులెవరైనా అనవచ్చు. నిజమే, 2021 జూలైలో మన యూపీఐ పద్ధతిని తీసుకున్న మొదటి దేశం భూటానే. నరసాపురం కోడలైన మన ఆర్థిక మంత్రి గారే దాన్ని ప్రారంభించారు. రూపే కార్డు అంతకు ముందు 2019లోనే వెళ్ళింది. కానీ థింపూ దుకాణంలో గోడకున్న క్యూఆర్ చాలాసార్లు అక్కడి బ్యాంకు యాప్‌ది. కొన్నిచోట్ల మన ఫోను చదువుతుంది, కొన్నిచోట్ల గిరగిరా తిరిగి ఆగిపోతుంది. మన యాప్‌లలో అక్కడ పనిచేసేవేవో, బయలుదేరే ముందు ఏ మీట నొక్కి విదేశీ చెల్లింపులు తెరవాలో ముందే చెప్పేవాళ్ళు లేరు. తక్‌త్సాంగ్ కింద గుర్రం పట్టుకున్నవాడి దగ్గర ఎలాగూ నోటే. ఇందులో వింత ఇంకొకటుంది. 2025 మే నుంచి భూటాన్‌లో యాత్రికులు క్రిప్టోతో కూడా చెల్లించవచ్చు, బినాన్స్‌తో కలిసి ఆ ఏర్పాటు చేశారు. ఏ ప్రభుత్వమూ పూచీ పడని డబ్బుతో టీ తాగగలిగిన రోజుల్లో, ఒక ప్రభుత్వం పూచీ పడ్డ నోటు బెజవాడలో చిత్తుకాగితం.

నేపాల్ సంగతి వేరే లేఖ అవుతుంది, ఒక్క మాటే. అక్కడ రేటు 1993 నుంచి మన వందకు వాళ్ళ నూట అరవై. కాబట్టి లెక్క తెలుస్తుంది. కానీ నోట్ల రద్దు నాటి పాత అయిదు వందలూ వేలూ అక్కడి బ్యాంకుల్లో ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయాయి, మనం తీసుకోలేదు. 2018 డిసెంబరులో వాళ్ళు వంద దాటిన మన నోట్లు వద్దన్నారు, ఆ తర్వాత చాలాకాలం పశుపతినాథుడి దర్శనానికి వెళ్ళినవాళ్ళు వంద కట్టలే మోశారు. మాట నిలబడని చోట పొరుగువాడు నోటును ఎలా చూస్తాడో దాన్నిబట్టి తెలుస్తుంది. భూటాన్‌తో మనకు ఆ చేదు ఇంకా రాలేదు.

కౌంటరు పెట్టడానికి సమయం పడుతుందని తెలుసు. ఫైలు కదలాలి, థింపూతో మాట్లాడాలి, విదేశాంగ శాఖ సరే అనాలి. రెండో విన్నపానికి ఇవేవీ అక్కర్లేదు. ఒకే ఒక్క పేజీ కాగితం, తెలుగులో. డాలర్లు కొనవద్దు, కొనడానికి నియమం ఒప్పుకోదు. మనిషికి వంద దాటిన నోట్లు 25,000 వరకు, చిన్న నోట్లు ఎన్నయినా. రెండు వేల నోటు ఇంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడికి తీసుకెళ్ళవద్దు. చిల్లర వాళ్ళ నోట్లలో వస్తుంది కాబట్టి పెద్ద నోటు చిన్న కొనుగోలుకు ఇవ్వవద్దు, చివరి రెండు రోజులూ ముందు ఎంగుల్ట్రాలు ఖర్చు చేయండి. ఫలానా కార్డులు పనిచేస్తాయి, ఫలానా యాప్‌లు పనిచేస్తాయి. ఇంతే. మోసపు ఫోన్ల గురించి మీ బ్యాంకు తెలుగులో చేస్తున్న ప్రకటనలు మా ఇంట్లో టీవీలో వస్తాయి, బాగుంటాయి, మా మనవడు ఆ డైలాగులు చెబుతుంటాడు. ఆ భాషలోనే ఇదీ రాయించండి. ప్రతి బ్యాంకు శాఖలో నోటీసు బోర్డు ఉంది. ఎప్పటివో లాకరు నిబంధనలు అక్కడ పసుపెక్కి వేలాడుతున్నాయి, చోటుకు కొరత లేదు.

థింపూలో ముసుగు నాట్యాల పండుగ మన దసరా రోజులకు దగ్గరగా వస్తుంది. మా కాలనీలో రెండు కుటుంబాలు ఆ సెలవులకే బయలుదేరుతున్నాయి, టికెట్లు కొన్నారు, ఓటరు కార్డులు వెతికి పెట్టుకున్నారు. కౌంటరు అప్పటికి తెరవలేరని తెలుసు. కాగితం మాత్రం వాళ్ళు బయలుదేరే లోపు మా శాఖ బోర్డు మీదికి రావచ్చు.

ఇట్లు,
ఒక మాజీ క్యాషియరు,
విజయవాడ